మొదటి సంఘాలు ప్రకటించిన సువార్తలో ఏముంది?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

సువార్త అంటే ఏమిటని మన సంఘాల్లో పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. పాపక్షమాపణ అంటారు, పరలోకం అంటారు, స్వస్థత, మనశ్శాంతి, మారిన బ్రతుకు అంటారు. ఇవన్నీ సువార్తను నమ్మినవారికి కలిగేవి. అపొస్తలులు ఊరూరా తిరిగి చెప్పింది మాత్రం జరిగిన సంగతుల వరుస. ఆ వరుసలో ఏమేం ఉన్నాయి, ఒక్కొక్కటి ఎందుకుంది, ఏదైనా జారిపోయినప్పుడు మొదటి రెండు శతాబ్దాల సంఘాలు ఎలా దెబ్బతిన్నాయి అన్నదే ఈ పూట నా అంశం. వాక్యం బోధించేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం లోతుగానే చెబుతాను.

మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక, 15వ అధ్యాయం తీయండి. మూడో వచనం నుంచి చూస్తే, క్రీస్తు లేఖనాల ప్రకారం మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, లేఖనాల ప్రకారం మూడో రోజున లేపబడ్డాడు, కేఫాకు, అంటే పేతురుకు, తరువాత పన్నెండుగురికి కనబడ్డాడు. ఇది తాను కల్పించింది కాదని, తనకు అందినదాన్నే మీకు అప్పగించానని పౌలు ముందే చెబుతున్నాడు. గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి పాఠం మారకుండా అప్పగించడం ఆనాటి యూదు బోధకుల పద్ధతి.

ఈ పాఠం ఎంత పాతది? డెల్ఫీలో దొరికిన ఒక రాతి శాసనాన్ని బట్టి గల్లియో కొరింథు ఉన్న అకయ రాష్ట్రానికి రోమా అధిపతిగా ఉన్నది సుమారు క్రీ.శ. 51-52లో అని తేలింది. కొరింథులో పౌలును న్యాయపీఠం ముందుకు లాక్కెళ్లింది ఈ గల్లియో దగ్గరికే, అపొస్తలుల కార్యాలు 18లో చదువుతాం. అంటే కొరింథువారు ఈ మాటల్ని 50, 51 ప్రాంతంలో విన్నారు. పత్రిక ఎఫెసు నుంచి వెళ్లింది మరో మూడు నాలుగేళ్ల తరువాత. మరి పౌలుకు ఎవరు చెప్పారు? గలతీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో, మారుమనస్సు పొందిన మూడేళ్లకు యెరూషలేము వెళ్లి కేఫా దగ్గర 15 రోజులు ఉన్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని రాశాడు. కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయంలో ప్రభువు ఎవరెవరికి కనబడ్డాడో చెప్పే పట్టికలో విడిగా పేరు పెట్టి చెప్పినవాళ్లు సరిగ్గా ఈ ఇద్దరే, కేఫా, యాకోబు. అక్కడే ఈ పాఠం అందిందని పౌలు రాయలేదు, కానీ ఆ పదిహేను రోజులూ వాళ్లు వాతావరణం గురించి మాట్లాడుకుని ఉండరు కదా. ఎలా లెక్కవేసినా, సిలువ జరిగిన పాతికేళ్లలో ఒక గ్రీకు పట్టణంలో జనం నోట నిలిచిన మాటలివి. మార్కు సువార్త పుస్తకం కంటే ముందువి.

ఇప్పుడు ఒక్కో భాగం చూద్దాం.

"చనిపోయాడు" అన్నది చరిత్ర. "మన పాపాల నిమిత్తం" అన్నది దాని అర్థం. "లేఖనాల ప్రకారం" అన్నది దానికి సాక్ష్యం. మూడూ ఒకే వాక్యంలో పెట్టారు, విడదీయనివ్వలేదు. సిలువ మరణం రోమా రాజ్యంలో బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. యూదులకు అంతకంటే పెద్ద అడ్డు ఉంది. మ్రాను మీద వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము 21 చెబుతోంది. అలాంటి మరణం పొందినవాణ్ణి క్రీస్తు అని ప్రకటించాలంటే లేఖనాలు తెరవక తప్పదు. అందుకే యెషయా 53, కీర్తనలు 16, 110 అపొస్తలుల బోధలో మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ శాపాన్ని దాటవేయకుండా, మన కోసం ఆయనే శాపమయ్యాడని పౌలు గలతీయులకు 3:13లో నేరుగా పట్టుకున్నాడు.

"సమాధి చేయబడ్డాడు." మన ప్రసంగాల్లో అందరూ దాటిపోయే మాట ఇదే, నాకు చాలా విచారం కలిగించే విషయం కూడా. అంత చిన్న పాఠంలో దీనికి విడిగా చోటిచ్చారంటే కారణం ఉంది. చనిపోయింది నిజంగా చనిపోవడమే అని ఇది ముద్ర వేస్తుంది. లేచింది కూడా సమాధిలో పెట్టిన ఆ దేహమే అని చెబుతుంది. పిసిదియలోని అంతియొకయలో పౌలు చేసిన ప్రసంగం, అపొస్తలుల కార్యాలు 13:28-31, చూడండి. చంపించారు, సమాధిలో పెట్టారు, దేవుడు లేపాడు, చాలా దినాలు కనబడ్డాడు. వేరే పుస్తకం, వేరే సందర్భం, వరుస మాత్రం అదే.

"లేపబడ్డాడు" అన్నచోట లేపినవాడు దేవుడు. మనుషులు ఇచ్చిన తీర్పును దేవుడు కొట్టివేశాడన్నది పేతురు పెంతెకొస్తునాటి ప్రసంగానికి ప్రాణం: మీరు చంపారు, దేవుడు లేపాడు.

"కనబడ్డాడు" దగ్గర పట్టిక పొడవు పెరుగుతుంది. కేఫా, పన్నెండుగురు, ఒకేసారి ఐదు వందలమందికి పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరూ, చివరికి పౌలు. ఆ ఐదు వందలమందిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారని కలిపాడు, అంటే కావాలంటే వెళ్లి అడగండి అని. మగ్దలేనే మరియ పేరు ఈ పట్టికలో లేదు. నాలుగు సువార్త పుస్తకాలూ ఆదివారం తెల్లవారుజామున సమాధి దగ్గర ముందు నిలబెట్టింది స్త్రీలనే. మనం బోధించేటప్పుడు రెండూ కలిపి చెప్పాలి. పట్టికలో లేదని వాళ్ల సాక్ష్యాన్ని పక్కన పెట్టే హక్కు మనకు లేదు.

ఈ వరుసను నమ్మిన కొరింథులోనే మొదటి పగులు వచ్చింది. మృతుల పునరుత్థానం లేదని కొందరు అన్నారు. దేహం ఆత్మకు చెర అనే ఆలోచన గ్రీకు లోకంలో బలంగా ఉండేది. యేసు లేచాడని ఒప్పుకుంటూనే, మన దేహాలు లేవడం ఏమిటని వాళ్ల సందేహం. దాని ఫలితం సిద్ధాంతంతో ఆగలేదు. దేహానికి రేపు లేదనుకుంటే, ఈరోజు దేహంతో ఏం చేసినా ఏముందిలే అనిపిస్తుంది. అందుకే 6వ అధ్యాయంలో జారత్వం గురించి మాట్లాడుతూ పౌలు మధ్యలో పునరుత్థానాన్ని తెస్తాడు. 11వ అధ్యాయంలో ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడవుతున్నాడని మందలిస్తాడు. బల్ల దగ్గర చేసేది ప్రభువు మరణాన్ని ప్రచురించడం. పేదవాణ్ణి ఆకలితో ఉంచి ఆ మరణాన్ని ఎలా ప్రచురిస్తారు?

గలతీయ సంఘాల్లో జరిగింది దీనికి ఎదురు. అక్కడ ఏదీ తీసేయలేదు, చేర్చారు. క్రీస్తును నమ్మారు సరే, సున్నతి కూడా పొందాలన్నారు. పౌలు దాన్ని వేరొక సువార్త అన్నాడు. సిరియాలోని అంతియొకయలో ఇదే విషయం భోజనం దగ్గర బయటపడింది. పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేములో ఉన్న యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గాడు, బర్నబా కూడా ఆయనతో పోయాడు. పేతురు నోటితో ఏ తప్పు బోధా చేయలేదు. లేచి వేరే పంక్తిలో కూర్చున్నాడు, అంతే. దాన్నే పౌలు సువార్త సత్యానికి తగిన నడత కాదని అందరి ముందూ నిలదీశాడు. కులాన్ని బట్టి పంక్తులు వేరు చేసిన చరిత్ర ఉన్న నేల మనది. గలతీయులకు 2:11-14ను మన సంఘాల్లో ఇంకా ఎక్కువగా, ఇంకా గట్టిగా చదవాలి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. యేసు ప్రకటించింది దేవుని రాజ్యం కదా, కాలం సంపూర్ణమైంది, రాజ్యం సమీపించింది, మారుమనస్సు పొంది సువార్త నమ్మండి అని. అపొస్తలులు మాత్రం యేసు మరణ పునరుత్థానాలు ప్రకటించారు. ఇవి రెండు సువార్తలా? కావు. రాజ్యం వస్తోందని యేసు చెప్పాడు. ఆ రాజ్యానికి రాజు సిలువ వేయబడి లేపబడిన ఈయనే అని అపొస్తలులు చెప్పారు. రోమాలో కాపలా మధ్య ఉన్న పౌలు దేవుని రాజ్యాన్ని ప్రకటిస్తూ, ప్రభువైన యేసు క్రీస్తును గురించి బోధించాడంటూ అపొస్తలుల కార్యాల పుస్తకం రెంటినీ ఒకే వాక్యంలో కట్టి ముగుస్తుంది. మార్కు చేసింది కూడా అదే. 1వ అధ్యాయంలో రాజ్యప్రకటనతో మొదలుపెట్టి, మొత్తం 16 అధ్యాయాల్లో 11 నుంచి చివరి దాకా యెరూషలేములో ఆఖరి రోజులకే ఇచ్చాడు.

లేఖనాలు తెలియనివాళ్ల దగ్గర మొదలుపెట్టే చోటు మారేది. లుస్త్రలో జనం బర్నబాను, పౌలును దేవతలని భావించి ఎద్దులు, పూదండలు తెచ్చినప్పుడు పౌలు యెషయాను ఎత్తలేదు. ఆకాశం నుంచి వాన, ఫలమిచ్చే రుతువులు ఇచ్చే జీవముగల దేవుడి దగ్గర మొదలుపెట్టాడు. కానీ అక్కడే ఆగిపోతే సువార్త కాదు. థెస్సలొనీకవారు ఏం నమ్మారో పౌలు వాళ్లకు రాసిన మొదటి పత్రిక 1:9-10లో ఉంది. విగ్రహాలను విడిచి సత్యదేవుని వైపు తిరిగారు, ఆయన మృతులలోనుంచి లేపిన కుమారుడు పరలోకం నుంచి వస్తాడని ఎదురుచూస్తున్నారు. మొదలు ఎక్కడైనా, చేరాల్సిన చోటు పునరుత్థానం.

రెండో శతాబ్దపు మొదట్లో సిరియాలోని అంతియొకయ అధ్యక్షుడు (బిషప్) ఇగ్నేషియస్‌ను పదిమంది సైనికుల కాపలాలో రోమాకు తీసుకెళ్తున్నారు. దారిలో రాసిన ఉత్తరాల్లో ఆయన ఒక మాటను సుత్తితో కొట్టినట్టు కొడతాడు, "నిజంగా" అని. నిజంగా పుట్టాడు, తిన్నాడు, తాగాడు, పొంతి పిలాతు కాలంలో నిజంగా సిలువ వేయబడ్డాడు, నిజంగా లేచాడు. క్రీస్తు శ్రమపడినట్టు కనిపించాడే గాని దేహంలో శ్రమపడలేదన్న బోధ ఆసియా అనే రోమా రాష్ట్రంలోని (నేటి పశ్చిమ టర్కీ) సంఘాల్లో చొరబడింది. స్ముర్నవారికి రాస్తూ ఆయన పట్టుకున్న ఆనవాలు నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఇలా బోధించేవాళ్లకు విధవరాలు, అనాథ, చెరలో ఉన్నవాడు, ఆకలిగొన్నవాడు పట్టరు అన్నాడు. క్రీస్తు ఆకలి నిజం కానప్పుడు పొరుగువాడి ఆకలి ఎలా నిజమవుతుంది? అంటే సమాధి, దేహం అన్న భాగం జారిపోతే సంఘం జేబు కూడా మూసుకుపోతుంది.

తరువాత వచ్చింది మార్సియన్. నల్లసముద్రం ఒడ్డున సినోపే అతని ఊరు. రోమా సంఘానికి 2 లక్షల సెస్టెర్సెస్ (రోమా నాణేలు) కానుక ఇచ్చాడు, 144లో సంఘం అతన్ని వెలివేసి ఆ డబ్బు తిరిగి ఇచ్చేసింది. అతను వదిలేసింది "లేఖనాల ప్రకారం" అన్న మాటను. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. లూకాను పోలిన ఒకే సువార్త పుస్తకం, పౌలు పత్రికలు 10 ఉంచుకున్నాడు. అతని సువార్తలో పుట్టుక కథ లేదు, తిబెరి కైసరు 15వ ఏట యేసు సరాసరి ప్రత్యక్షమవుతాడు. వాగ్దానం తీసేస్తే ఎవరి వాగ్దానం నెరవేరిందో చెప్పలేం. అప్పుడు దేవుడు నమ్మదగినవాడన్న మాటకు ఆధారం పోతుంది.

ఆ రోజుల్లోనే సువార్త అన్న పేరు పుస్తకాలకు కూడా స్థిరపడుతోంది. 155 ప్రాంతంలో రోమాలో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు అపొస్తలుల జ్ఞాపకాలను సువార్తలంటారని రాశాడు. ఆదివారం వాటిని, ప్రవక్తలను చదివేవారని, తరువాత పెద్ద బోధించేవాడని, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం అయ్యాక చందా వసూలై అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు వెళ్లేదని కూడా రాశాడు. 180 ప్రాంతంలో లియోన్ అధ్యక్షుడు ఐరేనియస్ నాలుగు రూపాల్లో ఉన్న ఒకే సువార్త అని గట్టిగా నిలబడ్డాడు.

నమ్మినవాళ్లకు ఇది ఎలా నేర్పేవారు? డిడాకే అనే తొలినాటి చిన్న పుస్తకం ప్రకారం బాప్తిస్మం పొందేవాడు ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలి. పారే నీళ్లు మంచివి, లేకపోతే వేరే నీళ్లు, చల్లనివి దొరక్కపోతే వేడివి, ఏదీ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోయాలి. రోమా బోధకుడు హిప్పోలితస్ పేరుతో మనకు అందిన సంఘక్రమంలో (సంఘ ఆచారాల పుస్తకంలో) మూడేళ్ల శిక్షణ కనిపిస్తుంది. ఏళ్ల లెక్క కన్నా నడతనే చూడాలని కూడా అందులో ఉంది. నీళ్లలో దిగినవాణ్ణి మూడు ప్రశ్నలు అడిగేవారు, ప్రతి "నమ్ముతున్నాను"కు ఒకసారి ముంచేవారు. రెండో ప్రశ్న అన్నిటికంటే పొడవైనది. పొంతి పిలాతు కాలంలో సిలువ వేయబడి, చనిపోయి, మూడో రోజున సజీవుడుగా లేచిన క్రీస్తు యేసును నమ్ముతున్నావా? కొరింథులో పౌలు అప్పగించిన వరుస అందులో తేలిగ్గా గుర్తుపట్టవచ్చు.

మన బాప్తిస్మ తరగతుల్లో కూడా ఈ వరుసను కంఠతా చెప్పించండి, తరువాత ఒక్కో భాగానికి ఒక్కో వారం ఇవ్వండి. సమాధికి కూడా ఒక వారం ఉంచండి. సాక్ష్యాలు చెప్పించేటప్పుడు ముందు ఈ వరుస చెప్పి, ఆ తరువాతే తన జీవితంలో జరిగింది చెప్పమనండి. అప్పుడు వినేవాడికి ఎవర్ని నమ్మాలో స్పష్టంగా తెలుస్తుంది.