పలుకు నుంచి పాటకు

సభాధ్యక్షులకు, సాహితీ మిత్రులకు నమస్కారం.

భాషకూ కళకూ గల సంబంధాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు, మన ప్రాంతంవారికి మొదట గుర్తు రావలసినది ఒంగోలుకు చేరువలోని అద్దంకిలో దొరికిన శాసనం. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టములను, అంటే బోయల స్థావరాలను, జయించిన సంగతిని, క్రీ.శ. 848 ప్రాంతంలో, అంటే నన్నయకు దాదాపు రెండు శతాబ్దాల ముందే, తరువోజ పద్యంలో చెక్కించారు. సంస్కృత వృత్తాలు తెలియని కాలం కాదది. అయినా రాజవిజయాన్ని చాటడానికి దేశి ఛందస్సునే ఎంచుకున్నారు. తరువోజలో ఒక పాదం రెండు ద్విపద పాదాలకు సమానం. ద్విపద చదివేదాని కన్న పాడుకునేదే ఎక్కువ. రోకటి పాటల నడకతో తరువోజకు చుట్టరికం చెప్పే పండితులూ ఉన్నారు. ఆ చుట్టరికం నిజమైతే, దంపుడు దగ్గరి ఆడవారి ఊపిరి లయే సేనాని ప్రశస్తిలోకి ఎక్కిందన్న మాట. చరిత్ర పుస్తకాలు ఆ ఆడవారి ఊసెత్తవు, అది వేరే సంగతి.

నాలుగు శతాబ్దాలు గడిచేసరికి నెల్లూరిలో మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన భారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. ఆయన పద్యంలో పాత్రలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటాయి. కీచకుడి ముందు ద్రౌపది మాట్లాడే తీరు వేరు, రాత్రివేళ వంటశాలలో భీముని లేపి మాట్లాడే తీరు వేరు. ఎవరితో, ఏ సందర్భంలో, ఎంత గౌరవం ఉంచి మాట్లాడాలో తెలిసిన సమాజపు మర్యాదే అక్కడ శిల్పంగా మారింది. మన పల్లెల్లో తిరుపతి వేంకట కవుల నాటకంలోని రాయబారం పద్యాలకు జనం తెల్లవార్లూ కూర్చోవడానికి హార్మోనియం రాగాలు ఒక కారణమే గాని, అసలు పట్టు అలాంటి మాటల ఎదురుబొదురులోనే ఉందని నా అభిప్రాయం.

ఇక సంగీతం. త్యాగరాజు పూర్వులది కంభం ప్రాంతంలోని కాకర్ల అని, శ్యామశాస్త్రి పూర్వులదీ కంభం సీమే అని ప్రసిద్ధి. ఇద్దరూ పుట్టింది తమిళదేశంలోని తిరువారూరులో. త్యాగరాజు 1767లో, శ్యామశాస్త్రి అంతకు అయిదేళ్ల ముందు. చుట్టూ వేరే భాష ఉన్నా ఇంటిభాష తెలుగే కావడం వల్ల, త్యాగరాజు రాముణ్ణి నిలదీసినా, బతిమాలినా, నిష్ఠూరమాడినా అది ఇంట్లో పెద్దవారితో మాట్లాడినట్టే ఉంటుంది. ఆయన కృతుల్లో ప్రశ్నలు అన్నన్ని ఉండడం కాకతాళీయం కాదు.

అయితే ఈ కృతులు తెలుగు రానివారి గొంతుల్లోనూ శతాబ్దాలుగా నిలిచాయి కదా, భాష లేకుండానే కళ బతుకుతుంది కదా అని కొందరంటారు. స్వరం బతికింది, నిజమే. కాని తాళం కోసం పదాన్ని నడుమ విరిచి పాడినప్పుడు ప్రశ్న ప్రశ్నగా వినిపించదు, నిష్ఠూరం స్తోత్రమైపోతుంది. విచారమేమంటే, ఈ విరుపు ఇప్పుడు తెలుగు పిల్లల పాటలోనూ వినబడుతోంది. అందుకే నెల్లూరు, ఒంగోలు సంగీత పాఠశాలల గురువులకు నాదొక విన్నపం: కృతిని నేర్పే ముందు సాహిత్యాన్ని ఒకసారి రాగం లేకుండా, ఇంట్లో మాట్లాడినట్టు, పిల్లల చేత చెప్పించండి, పల్లవిలో ఎవరు ఎవరిని ఏమడుగుతున్నారో వారే చెప్పిన తరువాత శ్రుతిపెట్టె తెరవండి.