లైసెన్సు మీద కమీషన్ కరిగిపోతే రీసెల్లర్ ఏం చేయాలి?

తమ్ముడు: ఈ వారం మన విషయం బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్, అంటే వ్యాపారం లెక్కల్ని రిపోర్టులుగా, గ్రాఫులుగా చూపేది. దాన్ని తయారీ కంపెనీ తరఫున కమీషన్ మీద అమ్మే రీసెల్లర్ల భవిష్యత్తు కూడా. అక్కా, మొదలుపెడదామా?

అక్క: నువ్వు మొదలుపెట్టు.

తమ్ముడు: ఈ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్ని పెద్ద కంపెనీలు కొనేస్తూ వచ్చాయి. 2007లో హైపీరియన్‌ను ఒరాకిల్ కొంది. అదే ఏడాది బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ను శాప్, కాగ్నోస్‌ను ఐబీఎం కొంటున్నట్టు ప్రకటించాయి. 2019లో టాబ్లో సేల్స్‌ఫోర్స్ చేతికి వెళ్లింది. యజమాని మారినప్పుడల్లా రీసెల్లర్‌కు బెంగే.

అక్క: అంతకంటే పెద్ద దెబ్బ 2015లో. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇలాంటి సాఫ్ట్‌వేరే, పవర్ బీఐ ప్రో, మనిషికి నెలకు 10 డాలర్ల లోపే వచ్చింది. 2025లో 14 చేశారు. దాని మీద కమీషన్‌తో ఆఫీసు అద్దె కట్టగలరా?

తమ్ముడు: అందుకే రీసెల్లర్ అవసరమే తీరిపోయిందంటాను. కార్డుతో నేరుగా కొనుక్కోవచ్చు. మామూలు మాటల్లో అడిగితే ఏఐ గ్రాఫు గీసిస్తోంది.

అక్క: ఏ అంకెలతో? మందుల డిస్ట్రిబ్యూటర్‌ను తీసుకో. మార్చిలో సరుకు పంపాడు. గడువు తీరిన మందులు జూన్‌లో వెనక్కి వచ్చాయి. వాటి విలువ బిల్లులోంచి తగ్గిస్తూ ఇచ్చే క్రెడిట్ నోటు...

తమ్ముడు: వచ్చేసింది క్రెడిట్ నోటు!

అక్క: రానీ. దాన్ని ఏ నెల అమ్మకాల్లోంచి తీసేయాలి? అకౌంటెంటు జూన్ అంటాడు, నోటు ఇచ్చిన నెల జీఎస్టీ రిటర్నులోనే చూపాలి కాబట్టి. కొనుగోళ్లు చూసే ఆయనకు మార్చిలోంచే తీసేయాలి. లేకపోతే అమ్ముడుపోని మందుకే మళ్లీ ఆర్డరు పెడతాడు.

తమ్ముడు: రెండు రిపోర్టులు ఇస్తే సరి.

అక్క: అప్పుడు యజమాని ముందు రెండు మొత్తాలుంటాయి. ఏది నమ్మాలని అడుగుతాడు. ఏ ప్రశ్నకు ఏ అంకె చూడాలో చెప్పేది ఎవరు?

తమ్ముడు: ఒకసారి రాసిపెడితే ఏఐ చదువుకుంటుంది కదా.

అక్క: ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించాకే కదా రాసేది! రీసెల్లర్‌కు ఆ పనికే డబ్బివ్వాలి.

తమ్ముడు: ఇవ్వరక్కా. చిన్న ఊళ్లలో ట్యాలీ అమ్మేవాళ్లను చూడు. రాత్రి పదింటికి ఫోను చేసి తప్పు ఎంట్రీ సరిచేయించుకుంటారు. బిల్లు పంపితే మాత్రం ముఖం మాడ్చుకుంటారు. నాకు నిజంగా బాధేస్తుంది.

అక్క: నాకూ అంతే. అందుకే మొదటి రోజే ఒప్పందంలో రాయించుకోవాలి. నెలకు ఇన్ని గంటలు లెక్కలు సరిచూస్తాం, దానికి ఇంత అని. లైసెన్సు వాళ్లు ఎక్కడ కొన్నా సరే.

తమ్ముడు: ఒప్పుకోకపోతే?

అక్క: ఆ కస్టమర్‌ను వదులుకోవాలి. కష్టమే, తెలుసు.

తమ్ముడు: టైమైపోయింది. ఇంతకీ ఆ డిస్ట్రిబ్యూటర్ ఏ నెలలో తీసేశాడు?

అక్క: ఇంకా తేలలేదు. సోమవారం మళ్లీ కూర్చుంటున్నాం.