నల్ల ట్రంకుపెట్టె అడుగున

శ్రోతలకు నమస్కారం.

సైన్యం నుంచి ఇంటికి చేరే జవాను వెంట ఒక నల్ల ఇనుప ట్రంకుపెట్టె వస్తుంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు రాసి ఉంటాయి. కొన్నాళ్లకు అందులోకి పాత రగ్గులు చేరతాయి, దాని మీదికి బియ్యం బస్తా ఎక్కుతుంది. అడుగున పడి ఉన్న కాగితాల సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఈ పూట నేను చెప్పబోయేది ఆ కాగితాల గురించే.

నేను సైన్యంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ల మాజీ సైనికులకు అర్జీలు రాసిపెడుతుంటాను. కొన్నేళ్ల కిందట ఒక ఇల్లాలు వచ్చి సంచీ నిండా కాగితాలు నా బల్ల మీద కుమ్మరించింది. ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, తడిసి ఆరిన స్కానింగ్ కవర్లు.

"ఇరవై ఏళ్లుగా ఈయనకు మతి నిలకడ లేదు అన్నయ్యగారూ. ఇన్ని రుజువులున్నా పెన్షన్ రాదంటారేమిటి?" అంది.

ఆ కట్టంతా తిరగేసి, "ఆయనకు జబ్బు లేదని ఎవరూ అనలేదమ్మా" అన్నాను.

ఆమె నా వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఏళ్లు ఆమె రుజువు చేస్తూ వచ్చింది ఎవరూ కాదనని విషయాన్ని. ఆయనను ఇంటికి పంపిందే ఆ జబ్బు పేరుతో. స్కిజోఫ్రీనియా అని రాసి, వైకల్యం 30 శాతమని లెక్క కట్టి మరీ పంపారు. తగాదా అంతా ఆ జబ్బు ఎప్పుడు, ఎందువల్ల మొదలైందన్న దగ్గరే ఉంది.

జవానును పంపేముందు మెడికల్ బోర్డు ఒక పత్రం నింపుతుంది. అందులో రెండు ప్రశ్నలుంటాయి. ఈ జబ్బు సర్వీసు కారణంగా వచ్చిందా? రాకపోయినా సర్వీసులో ముదిరిందా? రెంటిలో ఒకదానికి అవునని రాసి, వైకల్యం 20 శాతానికి తగ్గకుండా ఉంటే పింఛనుకు దారి దొరికినట్టే. రెంటికీ కాదని రాస్తే దాన్ని పొట్టి అక్షరాల్లో 'నానా' అంటారు. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. మన చెవికి మాత్రం నానా తిప్పలు అన్నట్టే వినపడుతుంది, అందులో తప్పూ లేదు.

జవానుకు మామూలు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఈయన ఎనిమిదేళ్లకే బయటికొచ్చాడు. కాబట్టి వైకల్య పింఛను తప్ప వేరే ఆధారం లేదు. మానసిక జబ్బులు చాలామందిలో ఇరవైల వయసులోనే, అంటే సర్వీసు తొలి ఏళ్లలోనే బయటపడతాయి. ఎక్కువ దెబ్బ తినేది ఇలాంటి కుటుంబాలే.

మరి చట్టం ఏమంటోంది? 1982 నాటి నియమాలు జవాను పక్షానే ఉన్నాయి. భర్తీ చేసుకున్న రోజున వైద్యులు పరీక్షించి అన్నీ సక్రమమని రాసుకున్నారు. అప్పుడు జబ్బు ఉన్నట్టు ఎక్కడా నమోదు కాలేదు. తరువాత జబ్బుతో పంపారంటే అది సర్వీసులోనే వచ్చినట్టు భావించాలి. కాదనేవారే కారణం చూపాలి. నిరూపించే భారం జవాను మీద లేదు. సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వీర్‌పాల్ సింగ్ అనే జవాను కేసూ తేలింది. 1970లలో ఇదే స్కిజోఫ్రీనియా కోవ జబ్బు పేరుతో ఆయనను ఇంటికి పంపారు. ఆ తీర్పులో న్యాయమూర్తులు నిఘంటువులు, మానసిక వైద్య గ్రంథాలు ముందు పెట్టుకుని, బోర్డు రాసిన అభిప్రాయం వాటికి పొసగడం లేదని తేల్చారు. కేసును మళ్లీ రివ్యూ మెడికల్ బోర్డుకు పంపమన్నారు. 2025లో మరో స్కిజోఫ్రీనియా కేసులోనూ కోర్టు అదే దారిన నడిచింది. కారణాలు రాయని బోర్డు అభిప్రాయాన్ని పట్టుకుని పింఛను కాదనడం కుదరదంది.

ఒక హెచ్చరిక. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. ఆ తరువాత బయటికొచ్చినవారు పాత తీర్పులు చదివి ధీమా పడకూడదు. కొత్త నియమాల్లో జవానుకు అనుకూలంగా ఉన్న ఆ భావన మునుపటంత బలంగా లేదు. నాకది నచ్చలేదు, కానీ నా ఇష్టాయిష్టాలతో నియమాలు మారవు.

ఇక పెట్టె దగ్గరికి వద్దాం. బియ్యం బస్తా దించి, రగ్గులు తీసి చూస్తే అడుగున డిశ్చార్జి బుక్కు, ఒక కట్ట నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరాలు ఉన్నాయి. ఆ ఉత్తరాలు చదివితే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. మొదట్లో గుండ్రటి అక్షరాలు, ఆవు ఈనిందా, నాట్లు అయ్యాయా అన్న మాటలు. పోనుపోను అక్షరాలు పక్కకి ఒరిగాయి. ఒకే వాక్యం నాలుగుసార్లు. చివరి రెండింటిలో, తన తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని. తేదీలు స్పష్టంగా ఉన్నాయి. చిరునామా చూస్తే '56 ఏపీఓ' అని తప్ప ఊరు పేరు లేదు. సైన్యం తపాలా పద్ధతే అది, మనిషి ఎక్కడున్నదీ బయటికి తెలియనివ్వదు. అప్పుడు రక్షణ కోసం దాచిన ఊరి పేరు ఇప్పుడు ఆమెకు అడ్డం తిరిగింది.

బోర్డు పత్రంలో 'జబ్బు శాంతి ప్రాంతంలో మొదలైంది' అని ఉంది, అంటే పోరు ఒత్తిడి లేని చోట అని. మైదాన ప్రాంతపు కంటోన్మెంటులో ఉన్నప్పుడు ఆసుపత్రిలో చేర్చిన మాట నిజమే. అంతకుముందు రెండేళ్లు ఆయన ఎక్కడున్నాడు? కశ్మీరులో. ఆ వివరం రికార్డ్ ఆఫీసు దగ్గర ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి రెండు అడగమని చెప్పాను: ఎప్పుడు ఎక్కడ పనిచేశాడో తెలిపే సర్వీసు వివరాలు, మెడికల్ బోర్డు పత్రాల పూర్తి నకలు. నకలు వచ్చాక చూస్తే, భర్తీ నాటి పరీక్షలో మానసిక స్థితి గడిలో ఏ లోపమూ లేదని ఉంది. సైన్యంలో ఆరోగ్యాన్ని ఐదు అంశాలుగా కొలుస్తారు. వాటిలో మొట్టమొదటిది మనసే.

తరువాత ఆమె చేత వాంగ్మూలం రాయించాం. ఇక్కడే చాలామంది జారిపోతారు. ఆమె మొదట రాసుకొచ్చిన దానిలో 'మిలిటరీలో తాగుడు అలవాటై ఇలా అయ్యాడు' అన్న వాక్యం ఉంది. ఊరంతా అనే మాటే తానూ రాసింది. తాగుడు వల్ల వచ్చిన వైకల్యానికి నియమాల్లో పరిహారం లేదు. "ముందు తాగుడా, ముందు నిద్ర పోయిందా?" అని అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. "సెలవుకి వచ్చినప్పుడు రాత్రంతా గడప మీద కూర్చునేవాడు, అప్పటికి వాసన కూడా గిట్టేది కాదు" అంది. అదే రాయమన్నాను. ఏ సెలవులో, ఏ పండక్కి ముందు, ఎవరు చూశారు అన్నవి కూడా. అబద్ధం ఒక్కటీ అక్కర్లేదు. ఉన్నది వరస తప్పకుండా చెబితే చాలు. ఊళ్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం అన్న మాటలు తీసేయబోయింది. ఉంచమన్నాను. తాయెత్తు కట్టించిన ఏడాది గుర్తుంటే అదీ సాక్ష్యమే.

నిర్ణయం వచ్చిన ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు, అదీ తిరస్కరిస్తే మళ్లీ ఆరు నెలల్లోపు రెండో అప్పీలు చేయాలి. ఆ తరువాత సాయుధ బలగాల ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. ఏళ్లు గడిచినవారు ఆశ వదులుకోనక్కర్లేదు. పింఛను నెలనెలా అందాల్సిన సొమ్ము కాబట్టి ఆలస్యాన్ని మన్నించే వీలుంది. కాకపోతే 2008 నాటి ఒక తీర్పు దరిమిలా పాత బకాయిలు సాధారణంగా మూడేళ్లకే పరిమితం చేస్తున్నారు. వకీలుకు డబ్బు లేకపోతే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మానసిక జబ్బున్నవారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి.

సదరం సర్టిఫికెట్ ఉంది కదా అని చాలామంది అడుగుతారు. అది రాష్ట్ర ప్రభుత్వ పింఛనుకు పనికొస్తుంది. సైనిక పింఛనుకు లెక్కలోకి వచ్చేది సైనిక బోర్డు వేసిన శాతం.

సొమ్ము ఎంత? ఉదాహరణకు చివరి జీతం 50,000 రూపాయలనుకోండి. వైకల్య పింఛనులో రెండు భాగాలుంటాయి. సర్వీసు భాగం ఆ జీతంలో సగం, 25,000. రెండోది వైకల్య భాగం, నూరు శాతం వైకల్యానికి జీతంలో 30 శాతం, అంటే 15,000. ఈయనకు బోర్డు వేసిన 30 శాతాన్ని నియమం ప్రకారం 50గా సవరిస్తారు. కాబట్టి 7,500. రెండూ కలిపితే 32,500. ఈ సవరణ సంగతి తెలియక అడగనివారు ఎందరో.

ఆమెకు చివరికి ట్రిబ్యునల్‌లోనే తేలింది. పింఛను మొదలైంది. తీరా నవంబరు వచ్చేసరికి కొత్త చిక్కు. బతికే ఉన్నట్టు ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఫోను ముందు ముఖం పెట్టమంటే ఆయన తలుపేసుకున్నాడు. ఆ అద్దంలోంచి తనను చూస్తున్నది ఎవరో తనకు తెలుసంటాడు. ఆమె నాకు ఫోను చేసింది. తపాలా శాఖ వాళ్లు ఇంటికే వచ్చి వేలిముద్రతో ఆ పని చేసిపెడతారు, కబురు పెట్టమన్నాను. ఖాకీ సంచీతో పోస్ట్‌మాన్ గేటు తీసుకుని రాగానే ఆయనే తలుపు తీశాడట. తనకు ఉత్తరం ఏమైనా ఉందా అని అడిగి, వేలు చాపాడట.