వేషం విప్పనక్కరలేని నాట్యం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. చెన్నై వడపళని నుంచి మాట్లాడుతున్నాము. ఈ భాగంలో మన అతిథి నెల్లూరు జిల్లాలో పుట్టి, ఈ ఊళ్లో కూచిపూడి నేర్చుకుని, ఇప్పుడు పిల్లలకు నేర్పుతూ, నాట్యమే కథావస్తువుగా లఘుచిత్రాలు తీస్తున్న ఒక ట్రాన్స్ మహిళ. పేరు చెప్పకుండా మాట్లాడతానన్నారు, ఆ కోరికను మన్నిస్తున్నాము. అక్కా, అద్దం చూపించనిది కెమెరా చూపించిందని మీరు ఒకసారి నాతో అన్నారు. ముందుగా ఆ సంగతి చెప్పండి.

నర్తకి: నాట్యం నేర్చుకునేవాళ్లం అద్దం ముందు సాధన చేస్తామమ్మా. చూసుకుంటున్నంతసేపూ దిద్దుకుంటూనే ఉంటాము. భుజం లేచిందనిపిస్తే దించుతాము, మెడ బిగిసిందనిపిస్తే వదులు చేస్తాము, కాబట్టి మనం ఎలా కనిపించాలనుకుంటామో అద్దంలో అలాగే కనిపిస్తాము. కెమెరా ముందు ఆ వీలు లేదు. నా మొదటి లఘుచిత్రంలో సత్యభామ ప్రవేశ దరువు, అంటే ఆమె రంగం మీదికి వచ్చేటప్పుడు ఆడే పాట, చేశాను. షాట్ అయ్యాక మానిటర్‌లో చూస్తే అభినయమంతా నేర్చుకున్నట్టే ఉంది. అయితే దరువు ముగిసి, మృదంగం ఆగి, నేను పక్కకు వెళ్లి నీళ్ల సీసా అందుకునేదాకా కెమెరా ఆపలేదు. ఆ నాలుగడుగులు చూసి అలాగే నిలబడిపోయాను. మగపిల్లవాడివి, ఛాతీ విరుచుకుని నడవమని చిన్నప్పుడు ఇంట్లో నేర్పించిన బిగువు అందులో పోయింది, సత్యభామ కోసం అలవరచుకున్న వయ్యారం కూడా అప్పటికి దిగిపోయింది. మిగిలిన నడక నాది. అంతవరకూ నేను దాన్ని ఎన్నడూ చూసి ఎరగను. ఎడిటర్ ఆ ముక్క కత్తిరిద్దామన్నాడు, నేను ఉంచమన్నాను. ఆ చిత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

వ్యాఖ్యాత: కూచిపూడిలో మగవారు స్త్రీవేషం కట్టడం తరతరాలుగా ఉన్నదే కదా. ఆ సంప్రదాయం మీకు ఆసరా అయిందా?

నర్తకి: ఆసరా అయింది, బాధా పెట్టింది. సత్యభామ కథను ఆడే కూచిపూడి నాట్యరూపకం భామాకలాపంలో ఆమె తెర మీదుగా తన జడను బయటికి వేసి, విద్యలో నన్ను గెలవగలవారుంటే రమ్మని సవాలు చేస్తుంది. కూచిపూడి భాగవత మేళాల్లో ఆ జడ వేసినవారు మగవారే. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసిన పెద్దలు ఆ కనుబొమ్మ విరుపు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన కళ ముందు నేను చేతులు జోడిస్తాను. అయితే రంగు కడిగేసుకున్నాక ఆ నటుడు మళ్లీ పురుషుడిగా, బ్రాహ్మణ గృహస్థుగా ఇంటికి వెళతాడన్న భరోసా కూడా ప్రేక్షకుల గౌరవంలో కలిసి ఉంది. కూచిపూడి స్త్రీవేషాల మీద హర్షిత మృతింటి కామత్ 2019లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ కులం సంగతిని, పురుషత్వం సంగతిని సూటిగా చర్చించింది. గోదావరి ప్రాంతంలో నాట్యమే వృత్తిగా ఉండి, దేవదాసీలని పిలవబడిన కళావంతుల ఇళ్ల స్త్రీలు కూడా భామాకలాపం ఆడేవారు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చి ఆలయాల్లో, ఉత్సవాల్లో వారి నాట్యాన్ని నేరం చేసింది. ఒకే సత్యభామ ఎవరి ఒంటి మీద ఉంటే మర్యాద, ఎవరి ఒంటి మీద ఉంటే అవమానం అన్నది మన సమాజం ఎప్పుడో తేల్చి పెట్టుకుంది. వేషం విప్పి ఇంటికి వెళ్లే అవకాశం గానీ అవసరం గానీ లేని నాలాంటివారికి ఆ లెక్కలో చోటు లేదు.

వ్యాఖ్యాత: ఆ మేళాలవారే కదా తరువాత మద్రాసు వచ్చి సినిమాలకు నాట్యం సమకూర్చారు.

నర్తకి: అవునమ్మా, మనం కూర్చున్న ఈ వడపళనిలోనే. 1957 నాటి 'మాయాబజార్'కు నృత్యదర్శకులు పసుమర్తి కృష్ణమూర్తిగారు కూచిపూడివారే. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఆడే 'అహ నా పెళ్ళియంట' పాటను నేను పిల్లలకు పాఠంలా చూపిస్తాను. అక్కడ సావిత్రిగారు ఆడపిల్లగా మారిన రాక్షసుణ్ణి ఆడుతున్నారు. సిగ్గుపడుతూ, తల వంచుకుని సాగుతున్న నడక ఉన్నట్టుండి బరువెక్కుతుంది, మోకాళ్లు ఎడమవుతాయి, సుశీలగారి గొంతు మధ్యలో ఘంటసాలగారి గొంతు పలుకుతుంది. మగవారు ఆడనడక నేర్చుకునే ఊరి నుంచి వచ్చిన గురువు, ఆడనడక లోపల మగనడకను దాచి ఒక నటి చేత ఆడించారు. మనం అక్కడ నవ్వుతాము, నిజమే. ఆ నవ్వులో ఎవరి మీదా చులకన లేదు. సిగ్గు, దర్పం రెండూ శరీరం నేర్చుకునేవేనని ఆ పాట ఎంత హాయిగా చూపించిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తరువాతి తెలుగు సినిమాల్లో చీర కట్టిన మగవాడు కనిపించినప్పుడల్లా వెక్కిరింతే మిగలడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

వ్యాఖ్యాత: 2011లో వచ్చిన 'కాంచన' మాటేమిటి? తెలుగులోనూ బాగా ఆడింది.

నర్తకి: శరత్‌కుమార్‌గారు కాంచన అనే ట్రాన్స్ మహిళ పాత్ర వేశారు, ఆ ఆత్మ ఆవహించిన లారెన్స్‌గారు చీర కట్టి నాట్యం చేశారు. ఆయన స్వయంగా నృత్యదర్శకులు కాబట్టి ఆ ఆటలో కోపం పాదాల్లోంచి వస్తుంది. మా కోసం థియేటరులో ఈలలు పడగా వినడం మాకు చిన్న విషయం కాదు. అయినా కాంచన అలా ఆడాలంటే ముందు చంపబడాలి, దెయ్యమై తిరిగి రావాలి, ఒక మగవాడి ఒంట్లో దూరాలి. బతికి ఉన్న మా ఒంటితో మేము ఆడితే జనం చూడరా అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

వ్యాఖ్యాత: కమల్‌హాసన్ చిత్రం 'విశ్వరూపం' గురించి కూడా మీకు అభ్యంతరాలున్నాయి కదా.

నర్తకి: అందులోని కథక్ మీద ఏ అభ్యంతరమూ లేదు. బిర్జూ మహారాజ్‌గారు కూర్చిన ఆ పాటలో కమల్‌హాసన్‌గారి మణికట్టు తిరిగే తీరు చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను. కథానాయకుడు నాట్య గురువుగా నటిస్తున్న గూఢచారి కాబట్టి కథ ఆ సుకుమారాన్ని ఒక ముసుగుగా వాడుకుంది, నాకు నచ్చనిది అదే. పోరాటం మొదలవగానే ఆ చేతులు మారిపోతాయి, అసలు మగాడు బయటపడ్డాడని హాలు హాలంతా కేకలు వేస్తుంది. అంతకు ముందు కనిపించిన మనిషి అబద్ధమన్నమాట. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆ చిత్రానికి ఉత్తమ నృత్యదర్శకత్వ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం ఋతుపర్ణ ఘోష్‌గారికి 'చిత్రాంగద'కు ప్రత్యేక జ్యూరీ పురస్కారం ఇచ్చారు. కొడుకులా పెరిగిన మణిపురి రాకుమారి కథను ఠాగూర్ నృత్యనాటకంగా రాస్తే, దాన్ని రంగస్థలానికి ఎక్కిస్తూ, తన శరీరాన్ని మార్చుకోవాలా వద్దా అని మథనపడే నృత్యదర్శకుడి పాత్రను ఘోష్‌గారు తానే వేశారు. అక్కడ నాట్యం ముసుగు కాదు, ఆ మనిషి తనను తాను అడుగుతున్న ప్రశ్న. రెండూ ఒకే ఏడాది గుర్తింపు పొందాయి, మన జనానికి మాత్రం మొదటిదే తెలుసు.

వ్యాఖ్యాత: ట్రాన్స్ పాత్రలు ట్రాన్స్ వ్యక్తులే వేయాలంటారా?

నర్తకి: నాట్యం ఉన్నచోట తప్పకుండా వేయాలంటాను. 2022లో వచ్చిన పాకిస్తానీ చిత్రం 'జాయ్‌ల్యాండ్'లో లాహోరు రంగస్థల నర్తకి బీబాగా అలీనా ఖాన్ అనే ట్రాన్స్ నటి నటించారు. ఆమె నిలబడే తీరులోనే సగం కథ ఉంది. మనకు ట్రాన్స్ నర్తకులు లేరనడానికి వీల్లేదు. తంజావూరు కిట్టప్ప పిళ్లైగారి దగ్గర భరతనాట్యం నేర్చుకున్న నర్తకి నటరాజ్‌గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది, ఎల్లమ్మ దేవత భక్తులు ఆడే కర్ణాటక జోగతి నృత్య కళాకారిణి మంజమ్మ జోగతిగారికి ఆ తరువాత వచ్చింది. అలాంటి దేహాలను చిత్రీకరించడం మన సినిమా ఇంకా నేర్చుకోవాలి. మా మీద కెమెరా పెట్టగానే నడుము దగ్గరికి, పెదవుల దగ్గరికి వెళ్లిపోతుంది. నడక అనేది తుంటికీ పాదానికీ మధ్య నడిచే సంభాషణ. పాదాలు ఫ్రేములో లేకపోతే అది తెగిపోతుంది, ఒక అవయవం మాత్రమే మిగులుతుంది. అందుకే మా యూనిట్‌లో ముందు తల నుంచి గజ్జెల దాకా కనిపించే షాట్ ఒకటి, జతి, అంటే తాళానికి కూర్చిన అడుగుల వరస, మొత్తం ఆపకుండా తీస్తాము. తీశాక ఆ నర్తకికి చూపించి, తను సరేనన్నదే ఉంచుతాము.

వ్యాఖ్యాత: పెరంబూరు నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. వారి అబ్బాయి పన్నెండేళ్లవాడు, ఇంట్లో చున్నీని జడలా వేసుకుని సత్యభామలా ఆడుతున్నాడట, భర్త మందలిస్తున్నారట. ఏం చేయమంటారు?

నర్తకి: అమ్మా, ముందు మంచి గురువును చూసి క్లాసులో చేర్పించండి. చెన్నైలో కూచిపూడి నేర్పేవారికి కొదవ లేదు, 1963లో వెంపటి చినసత్యంగారు ఇక్కడ అకాడమీ పెట్టిన నాటి నుంచీ ఎందరో శిష్యులు తయారయ్యారు. అబ్బాయి సత్యభామ నేర్చుకుంటానంటే నేర్పించమని గురువుగారికి మీరే చెప్పండి, కృష్ణుడు కావాలంటే కృష్ణుణ్ణి నేర్పిస్తారు. వాడు రేపు మగవాడిగా ఉంటాడా, మరొకలా ఉంటాడా అని ఇవాళ ఇంట్లో పంచాయతీ పెట్టకండి, అది వాడికి తెలిసినప్పుడు వాడే చెబుతాడు. వాళ్ల నాన్నగారిని ఒకసారి క్లాసుకు తీసుకెళ్లి చివరిదాకా కూర్చోబెట్టండి, ఆ అడుగుల వెనుక ఎంత కష్టముందో ఆయనకే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వాడు ఆడుతుంటే ఫోనులో తీసి బంధువుల గ్రూపుల్లో పెట్టకండి. తీయాలనుకుంటే ముందు వాడిని అడగండి. తీశాక వాడికే చూపించండి, ఉంచాలో తీసేయాలో వాడినే చెప్పనివ్వండి.