తనెవరో చెప్పలేని తెర: చిన్న డిస్‌ప్లే ప్యానెళ్లకు డ్రైవర్ రాయడం గురించి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఈ సదస్సును నిర్వహిస్తున్న మిత్రులకు, ఉదయం నుంచి ఓపికగా కూర్చున్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. నాకు ఇచ్చిన అంశం చిన్న డిస్‌ప్లే ప్యానెళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్ల రూపకల్పన. డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ తరఫున ఒక పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్. చేతి మీటర్లలోనూ ప్రింటర్ల మీదా తలుపు తాళాల మీదా కనిపించే ఒకటి రెండు అంగుళాల తెరల సంగతి ఇది. డ్రైవర్‌లోని భాగాలన్నిటినీ వరుసగా వివరించాలనే సిద్ధమై వచ్చాను కానీ, చాలా ఏళ్లుగా నా మనసులో నలుగుతున్న ఒక్క విషయానికే ఈ సమయంలో ఎక్కువ భాగం పోతుందని ముందే మనవి చేస్తున్నాను.

పెద్ద మానిటర్‌కు కేబుల్ తగిలించగానే అది తన కొలతలు, తాను చూపగల రిజల్యూషన్లు, తయారీదారు వివరాలు ఈడీఐడీ అనే చిన్న పట్టిక రూపంలో కంప్యూటర్‌కు అందిస్తుంది. చిన్న ప్యానెల్‌కు ఆ భాగ్యం లేదు. బిట్లను ఒకదాని వెంట ఒకటిగా పంపే ఎస్‌పీఐ తీగల మీద మనం పంపింది తీసుకోవడమే దాని పని. గుర్తింపు సంఖ్యను చదివే ఆదేశం, అంటే హెక్స్ 04 (హెక్స్ అంటే పదహారు ఆధారంగా రాసే సంఖ్య), తెరను నడిపే చాలా కంట్రోలర్ చిప్‌లలో ఉన్నా, జవాబు తిరిగి రావలసిన తీగను చాలా ప్యానెళ్లలో బయటికి తీయనే తీయరు. కాబట్టి ఆ తెర గురించి తెలిసినదంతా డ్రైవర్ రాసినవాడే ఎక్కడో ఒకచోట స్పష్టంగా రాసిపెట్టాలి. నేను చెప్పదలచుకున్న విషయం ఇదే.

కంట్రోలర్ పనితీరు నిజానికి సులభం. దానికి సొంత మెమరీ ఉంటుంది, ఆ మెమరీలో ఉన్నదాన్ని అదే తెర మీదికి ఎప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. మనం 2ఎ ఆదేశంతో నిలువు వరుసల హద్దులు, 2బి ఆదేశంతో అడ్డ వరుసల హద్దులు చెప్పి, 2సి తర్వాత పిక్సెళ్లు పంపితే అవి ఆ కిటికీలో వరుసగా నిండుతాయి. పంపే బైటు ఆదేశమా, సమాచారమా అన్నది డీసీ అనే విడి తీగ నిర్ణయిస్తుంది. ఈ ఆదేశాలు మిపి డీసీఎస్ అనే డిస్‌ప్లే ఆదేశాల ప్రమాణంలోనివి కనుక ఐఎల్ఐ 9341 చిప్‌కైనా ఎస్‌టీ 7789 చిప్‌కైనా ఒకటే. చిక్కంతా చిప్‌కూ, దానికి అతికించిన గాజుకూ, అంటే కంటికి కనిపించే తెరకూ, మధ్య ఉంటుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మేము తయారుచేస్తున్న ఒక చేతి మీటర్‌లో 240 బై 240 పిక్సెళ్ల తెర, ఎస్‌టీ 7789 కంట్రోలర్ ఉండేవి. మొదటి మోడల్ చక్కగా పనిచేసింది. రెండో మోడల్‌లో కనెక్టర్ పైవైపు రావలసి వచ్చి ప్యానెల్‌ను తలకిందులుగా బిగించారు. బొమ్మను 180 డిగ్రీలు తిప్పడానికి హెక్స్ 36 ఆదేశంలో రెండు బిట్లు మారిస్తే చాలు, మార్చాము. బొమ్మ తిరిగింది కానీ పైన ఉండవలసిన గడియారమూ బ్యాటరీ గుర్తూ మాయమయ్యాయి, తెర అడుగున మూడో వంతు మేర రంగురంగుల చుక్కలు ఇసుక చల్లినట్టు నిలిచిపోయాయి. నేను ఆ తెరను చేతిలో పట్టుకుని, ఒక్కొక్క గీత గీయించి వరుసలు లెక్కపెట్టాను. సరిగ్గా 80 వరుసలు.

కారణం ఇది. ఆ చిప్ మెమరీ 240 బై 320. గాజు మాత్రం 240 వరుసలే చూపిస్తుంది. మామూలు దిశలో 0 నుంచి 239 వరకు ఉన్న వరుసలు కంటికి కనిపిస్తాయి. నిలువు దిశను తిప్పితే లెక్క చివరి నుంచి మొదలవుతుంది కనుక 80 నుంచి 319 వరకు ఉన్నవి కనిపిస్తాయి. మనం 0 నుంచి రాస్తే మొదటి 80 వరుసలు గాజు లేని చోటికి పోతాయి. చివరి 80 వరుసల్లో మనం ఏమీ రాయలేదు కనుక విద్యుత్తు వచ్చినప్పుడు మెమరీలో ఉన్న చెత్త అలాగే కనిపిస్తుంది.

ఇంతవరకు ఎవరికైనా జరిగేదే. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది తర్వాత జరిగినది. గడువు దగ్గరపడిందని మా బృందం అప్లికేషన్‌లో గీసే ప్రతి చోటా నిలువు కొలతకు 80 కలిపింది. నేను అభ్యంతరం చెప్పాను, అయినా సరుకు బయలుదేరింది. మరుసటి ఏడాది వేరే సరఫరాదారు నుంచి పూర్తి 320 వరుసల తెర వచ్చింది. అప్పుడు ఆ 80ని కొన్నిచోట్ల తీసేశారు, కొన్నిచోట్ల మరచిపోయారు, ఒకచోట ఎవరో మళ్లీ 80 తీసివేసి సరిచేశారు. గాజుకు సంబంధించిన ఒక్క సంఖ్య, గాజు గురించి ఏమీ తెలియనవసరం లేని నూరు చోట్ల పాతుకుపోయింది. దాన్ని పెకలించడానికి మాకు నెలలు పట్టింది.

అందరూ దయచేసి గమనించండి. డ్రైవర్‌లో చిప్ మెమరీ కొలతలు, గాజు కొలతలు, తిప్పనప్పటి ఆఫ్‌సెట్ (మెమరీలో ఎన్నో వరుస నుంచి గాజు మొదలవుతుందో చెప్పే సంఖ్య) అనే మూడు విషయాలు ఒక పట్టికగా ఉంటే, తిప్పినప్పటి ఆఫ్‌సెట్ మనం రాయనక్కరలేదు, డ్రైవరే లెక్కగట్టుకుంటుంది: 320 లోంచి 240, అందులోంచి మొదటి ఆఫ్‌సెట్ 0 తీసివేస్తే 80. తొంభై డిగ్రీలు తిప్పితే అదే 80 అడ్డం వైపుకు వస్తుంది, దాన్నీ అదే లెక్క చూసుకుంటుంది.

పట్టిక అన్నాను కనుక నా రెండో ఫిర్యాదు కూడా వినండి. ప్యానెల్‌తో పాటు సరఫరాదారు ఇచ్చే ప్రారంభ ఆదేశాల వరుసను మీలో చాలామంది చూసే ఉంటారు. వివరణ ఒక్కటీ లేకుండా సంఖ్యలు బారులు తీరి ఉంటాయి. ఒకసారి నేను అందులోని వోల్టేజి విలువల గురించి అడిగితే, ఉన్నదున్నట్టు వాడండి అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. హెక్స్ బి0 నుంచి పైన ఉండే ఆదేశాలు తయారీదారు సొంతానివి, అర్థం డేటాషీట్‌లోనే దొరుకుతుంది. కూర్చుని చదివితే ఇది వెలుగుల మెట్లను సరిచేసే గామా, ఇది బొమ్మ అంచుల్లో ఇచ్చే విరామమైన పోర్చ్, ఇది రంగుల విలోమం అని పేర్లు పెట్టవచ్చు. నిద్ర నుంచి లేపే హెక్స్ 11 తర్వాత కనీసం 5 మిల్లీసెకన్లు ఆగాలని, మళ్లీ నిద్రపుచ్చాలంటే 120 మిల్లీసెకన్లు గడవాలని అక్కడే ఉంటుంది. ఆ పేర్లు లేకపోతే, ఎవరో ఒకరు వేగం కోసమని ఆ ఆలస్యాన్ని తీసేస్తారు. చల్లటి గదిలో పదింటికి ఒక తెర తెల్లగా నిలిచిపోతుంది.

లినక్స్ ఈ విషయంలో నడిచిన దారి నాకు ధైర్యాన్నిస్తుంది. 2015లో ఎఫ్‌బీటీఎఫ్‌టీ అనే చిన్న తెరల డ్రైవర్లు లినక్స్ కెర్నల్‌లో ఇంకా పూర్తిగా సిద్ధం కాని కోడ్ ఉంచే స్టేజింగ్ విభాగంలోకి వచ్చాయి. 2017లో కెర్నల్ 4.12తో చిన్న తెరల కోసం టైనీడీఆర్‌ఎం వచ్చింది. 2022లో వచ్చిన మిపి డీబీఐ ప్యానెల్ డ్రైవర్ ప్రారంభ ఆదేశాలను ఫర్మ్‌వేర్ ఫైల్ నుంచి చదువుకుంటుంది, కొలతలనూ ఆఫ్‌సెట్‌నూ హార్డ్‌వేర్‌ను వివరించే డివైస్ ట్రీ నుంచి తీసుకుంటుంది. తెర మారితే మారేది వివరణ మాత్రమే, కోడ్ కాదు.

వేగం గురించి క్లుప్తంగా చెబుతాను. మా తెరకు ఒక పూర్తి బొమ్మ, పిక్సెల్‌కు 16 బిట్ల చొప్పున, 1,15,200 బైట్లు. 20 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ మీద దానికి 46 మిల్లీసెకన్లు. మారింది 64 బై 32 పిక్సెళ్ల అంకె ఒక్కటే అయితే అంతకు మాత్రమే కిటికీ తెరవండి, 2 మిల్లీసెకన్లలోపే అయిపోతుంది. లినక్స్‌లో మారిన భాగాలను డ్యామేజ్ అంటారు. ఇరుకైన తీగ ఉన్నచోట దాన్ని పట్టించుకోని డ్రైవర్‌ను నేను పూర్తయినదిగా ఒప్పుకోను. అలాగే మొదటి బొమ్మ పూర్తిగా చేరేవరకు బ్యాక్‌లైట్ వెలిగించవద్దు. అలా వెలిగించబట్టే కదా మా మీటర్ ఆన్ చేసిన ప్రతిసారీ మొదట ఆ ఇసుక చుక్కలు కనిపించేవి.

సమయం మించిపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. ముందు బల్ల మీద రెండు ప్యానెళ్లు ఉంచాను. రెండింటిలోనూ ఎస్‌టీ 7735 చిప్పే, గాజు కొలతా ఒకటే, తీగలూ అవే. తేడా అల్లా రక్షణ పొర మీది చిన్న చెవికి ఉన్న రంగులో ఉంది, ఒకదానికి ఎరుపు, మరొకదానికి ఆకుపచ్చ. ఎరుపుకు రాసిన కోడ్‌తో ఆకుపచ్చ దాన్ని వెలిగించి ఉంచాను. దగ్గరకు వచ్చి ఆ తెర అంచున ఉన్న చుక్కల గీతను చూడండి. ఆ చెవిని ఒకసారి పీకేస్తే ఏది ఏదో చెప్పే ఆనవాలు మన ఫైల్‌లో తప్ప ఇంకెక్కడా మిగలదు.