నాలుగు మూలాలు చదివి ఒక వాదన రాయడం ఎలా?

నమస్తే. డిగ్రీ ప్రాజెక్టుకో, వ్యాసరచన పోటీకో రాసేవాళ్ల కోసం ఈ వీడియో. ప్రశ్న మన ఊరిదే తీసుకుందాం: "చెరువుల పూడిక తీస్తే వరంగల్ నగరానికి వరద తప్పుతుందా?"

మీ దగ్గర నాలుగు మూలాలు ఉన్నాయనుకోండి. 2015 మార్చిలో మొదలైన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయ మీద ప్రభుత్వ నివేదిక, 2020 ఆగస్టు వరదల మీద పత్రిక కథనం, కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మీద ఒక చరిత్ర అధ్యాయం, రిటైర్డ్ ఇంజినీరు ఇంటర్వ్యూ.

చాలామంది పేరాకో మూలం పెట్టేస్తారు. నివేదిక ఇట్లన్నది, పత్రిక అట్లన్నది, అయిపోయింది. మీరేమంటున్నరో ఎక్కడా కనిపించదు. అది వ్యాసం కాదు, హాజరు పట్టీ.

కాగితం అడ్డంగా పెట్టండి. పైన నాలుగు మూలాల పేర్లు. పక్కన మూడు ప్రశ్నలు: నిల్వ ఎంత పెరుగుతుంది? నిండినంక నీళ్లు ఎటు పోతయ్? దారికి అడ్డమేంది? ఒక్కో గడిలో మీ సొంత మాటల్లో ఒకే వాక్యం, పక్కనే పేజీ నంబరు. కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి, ఉండనివ్వండి. నిల్వ గురించి అంత చెప్పిన నివేదిక, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి దిగువన ఏం జరుగుతుందో చెప్పలేదంటే, మీ వాదన మొదలయ్యేది అక్కడే. ఇప్పుడు పట్టికను అడ్డంగా చదవండి. ఒక్కో వరుస ఒక్కో పేరా.

ఒక పేరా చూద్దాం: "పూడిక తీస్తే నిల్వ పెరుగుతుందని నివేదిక చెబుతోంది. సాగుకు అది చాలు. నగరంలో మాత్రం చెరువు నిండాక మత్తడి దూకే నీటికి దారి కూడా కావాలి. నాలా ఇరుకైన చోటే కాలనీలు మునిగాయని పత్రిక కథనం చూపిస్తోంది." మొదటిదీ చివరిదీ మూలాలవి, నడిమి రెండు వాక్యాలు మీవి. అవి తీసేస్తే మిగతా రెండూ దేనికది విడిపోతాయి.

ప్రతిపాదన వాక్యం, అంటే మీ వాదన మొత్తాన్ని ఒక్క ముక్కలో చెప్పే వాక్యం, పట్టిక నిండినంకనే రాయండి. "తప్పుతుంది", "తప్పదు" అంటే చాలదు, షరతు కావాలి: "నాలాలు, చెరువు లోపలి శిఖం భూములు ఆక్రమణల నుంచి విడిపించకుండా పూడికతీత ఒక్కటే నగర వరదను ఆపలేదు."

మార్కులు పోయేది ఎక్కువగా లెక్కల దగ్గర. మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది. దాన్ని "బాగుచేశారు" అని రాస్తే లక్ష్యాన్ని ఫలితం చేసినట్టే. ఇంకోటి, ఒకే ప్రెస్‌నోట్ నుంచి వచ్చిన రెండు వార్తలు రెండు సాక్ష్యాలు కావు, ఒకటే.

ఎదుటి వాదనను బలహీనంగా రాయకండి. "పూడిక తీస్తే కొంత వాన నీరైనా చెరువులో ఆగుతుంది కదా" అంటారు. నిజమే, చెరువు ఖాళీగా ఉన్నప్పుడు ఆగుతుంది. జులై వానలకే నిండితే ఆగస్టు వానకు చోటేది? ఒప్పుకున్నది ఒప్పుకొని, ఎక్కడ ఆగిపోతుందో చూపించండి.

800 పదాల వ్యాసంలో నేరుగా ఎత్తిరాసేవి రెండు వాక్యాలు మించొద్దు. చివరికి రెండు రంగుల పెన్నులు తీసుకోండి. మూలాల మాటకు నీలం, మీ మాటకు ఎరుపు గీయండి. మొత్తం నీలమే ఉన్న పేరాను మళ్లీ రాయాలి. మొత్తం ఎరుపే ఉంటే పట్టిక దగ్గరికి పోయి సాక్ష్యం తెచ్చుకోవాలి.