పాట మనది, పెట్టుబడి ఎవరిది?

వ్యాఖ్యాత: నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు టెక్నో, అంటే యంత్రాలతో చేసే డాన్స్ సంగీతం, దాని పాటల గురించి కాకుండా, ఆ పాటలు మోగే వేదికల యజమానుల గురించి మాట్లాడుకుందాం. మన అతిథి ఊళ్లో ఏళ్లుగా సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తున్న అన్న. పగలు ఆయన బాక్సులు పెళ్లిళ్లకు వెళ్తాయి, రాత్రి ఇంట్లో టెక్నో మిక్స్ చేస్తారు. అన్నా, బాయిలర్ రూమ్ నుంచే మొదలుపెడదామా?

అతిథి: అక్కడి నుంచే మొదలుపెట్టాలమ్మా. 2010లో లండన్‌లో ఒక గదిలో డీజే ముందు వెబ్‌క్యామ్ పెట్టి ఇంటర్నెట్‌లో చూపించారు. అదే బాయిలర్ రూమ్. నాకది బడి. డీజే చేతులు దగ్గరగా కనిపిస్తాయి. మొదటి పాట బేస్ ఎక్కడ తగ్గించారు, రెండోదాని బేస్ ఎప్పుడు పైకి తెచ్చారు, అన్నీ చూసి నేర్చుకున్నాను. 2018లో రమల్లాలో పాలస్తీనా డీజే సమా అబ్దుల్‌హాదీ వాయించిన సెట్ ఉంది చూడండి, పాలస్తీనాలో ఇంత గట్టి టెక్నో ఉందని నాలాంటివాళ్లకు తెలిసింది దానితోనే.

వ్యాఖ్యాత: అలాంటి వేదికనే బహిష్కరించాలని పాలస్తీనా మద్దతుదారులు అంటున్నారు, దాని యజమానుల పెట్టుబడుల వల్ల.

అతిథి: నన్ను బాధపెట్టేదీ అదే. 2021లో దాన్ని డైస్ అనే టికెట్ల సంస్థ కొన్నది. 2025 జనవరిలో డైస్ దగ్గర నుంచి సంగీత ఉత్సవాలు నడిపే సూపర్‌స్ట్రక్ట్ అనే సంస్థ తీసుకుంది. బార్సిలోనాలో 1994లో మొదలైన సోనార్, లండన్‌లో జరిగే ఫీల్డ్ డే, ఇంకా ఎన్నో ఉత్సవాలు దాని చేతిలోనే ఉన్నాయి. ఆ సూపర్‌స్ట్రక్ట్‌ను అంతకుముందే, 2024లో, కేకేఆర్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ కొనేసింది.

వ్యాఖ్యాత: కేకేఆర్ మీద అభ్యంతరం ఏమిటి?

అతిథి: ఇజ్రాయెల్‌తో ముడిపడిన దాని పెట్టుబడులు. 2019లో అది ఆక్సెల్ స్ప్రింగర్ అనే జర్మన్ మీడియా సంస్థలో వాటా కొన్నది. ఇజ్రాయెల్‌లోని యాద్2 అనే ప్రకటనల వెబ్‌సైటు అప్పట్లో ఆ సంస్థదే. ఇజ్రాయెల్ ఆక్రమించిన పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో కట్టిన ఇళ్ల ప్రకటనలు కూడా అందులో వచ్చేవి. ఇది బయటికి రాగానే 2025లో ఫీల్డ్ డే నుంచి పలువురు డీజేలు తప్పుకున్నారు. మిడ్‌ల్యాండ్ వారిలో ఒకరు. బాయిలర్ రూమ్ వాళ్లేమో, తాము పాలస్తీనా పక్షమేననీ, యాజమాన్యం విషయంలో తమ మాట చెల్లదనీ చెప్పుకున్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను. కానీ ఆ మాటలోనే అసలు సంగతి బయటపడింది. పేరు, ఆదరణ, ఇన్నేళ్ల వీడియోలు, అన్నీ అమ్ముడుపోయాక అక్కడ పనిచేసేవాళ్లకు కాదనే హక్కు మిగల్లేదు. ఈ సంగీతం పుట్టుక అలాంటిది కాదమ్మా. అమెరికాలోని డెట్రాయిట్‌లో మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందం పెట్టినప్పుడు పెద్ద కంపెనీల గడప తొక్కకూడదని పాటలు విడుదల చేసే సొంత లేబుల్ నడిపారు.

వ్యాఖ్యాత: ఒక గట్టి ప్రశ్న అడుగుతాను. 2020లో జియోలో కేకేఆర్ 11,367 కోట్లు పెట్టింది. ఈ మాటలు వింటున్నవాళ్లలో ఎంతమంది జియో సిమ్ వాడుతుంటారు? అలాంటప్పుడు లండన్ డీజేను మాత్రం వెళ్లవద్దనడం న్యాయమా?

అతిథి: న్యాయమే. కారణం మన జిల్లాలోనే ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రోసమ్మ గారి పేరు అందరికీ తెలుసు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ తమ ఇళ్ల బాధ తామే చెప్పుకుని లేచినవాళ్లు. ముందు ఊళ్లోకి సారా రానివ్వలేదు. తర్వాత ఉద్యమం జిల్లా అంతా పాకి, సారా అమ్మే హక్కు కోసం ప్రభుత్వం పెట్టే వేలంపాటలనే అడ్డుకున్నారు. దుకాణం ఈ వీధిలో మూస్తే పక్క వీధిలో తెరుస్తారు, వేలం ఆగితే ప్రభుత్వ ఆదాయమే ఆగుతుంది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ప్రభుత్వానికి ముట్టే ప్రతి రూపాయినీ ఆపాలని వాళ్లు కూర్చోలేదు, తమ చేతికి అందే చోట పట్టుకున్నారు. సిమ్ మార్చుకుంటే కేకేఆర్‌కు తెలియను కూడా తెలియదు. అదే వాయించాల్సినవాళ్లు వరుసగా రామంటే ఉత్సవమే నిలవదు. పాలస్తీనా కోసం ఇజ్రాయెల్‌ను బహిష్కరించమనే ఉద్యమం వాళ్లు కూడా కనిపించిన ప్రతి కంపెనీనీ పట్టుకోరు, కొన్నిటినే ఎంచుకుంటారు.

వ్యాఖ్యాత: మరి నష్టం?

అతిథి: దాని గురించి ఎవరూ సరిగా మాట్లాడటం లేదు. పేరున్న డీజే ఒక రాత్రి వదులుకుంటే ఇంకో రాత్రి దొరుకుతుంది. కొత్త అమ్మాయికి అదే ఏడాదంతటికీ దొరికిన ఒక్క అవకాశం కావచ్చు. మా పని చూడండి. కార్యక్రమం రద్దయితే నా అద్దె పోతుంది, సరే. బాక్సులు ఎత్తి వ్యాన్‌లో సర్దే నలుగురు కుర్రాళ్ల ఆ రోజు కూలి ఎవరిస్తారు? అందుకే, తప్పుకోమని పిలుపిచ్చే పెద్ద కళాకారులు ముందు ఒక నిధి పెట్టాలి. అది లేకుండా చిన్నవాళ్లను నిలదీస్తే నేను ఒప్పుకోను. వెళ్లి వాయించి, వేదిక మీదే నిరసన చెప్పినవాళ్లను కూడా ద్రోహులని తిట్టను.

వ్యాఖ్యాత: మీకే అలాంటి పిలుపు వస్తే?

అతిథి: అడ్వాన్స్ ఏ కంపెనీ ఖాతా నుంచి వస్తుందో అడుగుతాను. పోస్టర్ మీద ఒక పేరుంటుంది, డబ్బు వేసే చోట ఇంకో పేరుంటుంది. ఆ రెండో పేరు ఎవరిదో కనుక్కుంటాను. వాళ్ల సొమ్ము ఇళ్లు కూల్చే పనికి పోతుందని తెలిస్తే బాక్సులు పంపను. కుర్రాళ్ల కూలి మాత్రం ఆ రోజే నా జేబులోంచి ఇచ్చేస్తాను.